కువైట్‌లో కువైటీలు ఎంతమంది?

మన గోదావరి జిల్లాల్లో కువైట్ పేరు వినని ఇల్లు లేదు. మండపేట, రామచంద్రపురం, రావులపాలెం, రాజోలు, అటు నరసాపురం, ఏ ఊళ్ళో అడిగినా ఎవరో ఒకరి చెల్లెలో, వదినో, కొడుకో అక్కడ ఉంటారు. అయినా ఆ దేశాన్ని గురించి మనకు తెలిసింది బహు తక్కువ. అరబ్బు దేశమంటే అక్కడంతా అరబ్బులేననీ, అందరూ ముస్లిములేననీ, భాషంతా అరబీయేననీ అనుకుంటాం. ఆ దేశపు జనాభా లెక్క చూస్తే ఈ అభిప్రాయం నిలవదు. మనవాళ్ళకు వీసా దొరకడం, దొరికినా భార్యాబిడ్డల్ని తీసుకుపోలేకపోవడం, ముప్పై ఏళ్ళు పనిచేసినా పెట్టె సర్దుకుని తిరిగి రావలసి రావడం, ఇవన్నీ ఆ లెక్కతోనే ముడిపడి ఉన్నాయి. కాబట్టి పాఠకులు కాస్త ఓపికగా ఈ అంకెలు చూడాలి.

కువైట్ విస్తీర్ణం 17,818 చదరపు కిలోమీటర్లు. మన పాత తూర్పు గోదావరి జిల్లా సుమారు 10,800 చదరపు కిలోమీటర్లు. 2011 జనగణనలో ఆ జిల్లా జనాభా 51 లక్షల 54 వేలు. 2024 చివరికి కువైట్ దేశం మొత్తం జనాభా 50 లక్షలకు కొంచెం తక్కువ. అంటే దేశం దేశమంతా కలిపి మన పాత జిల్లా అంత జనం! అందులోనూ నేలలో ఎక్కువ భాగం ఎడారి. నది అన్నది లేదు. సముద్రపు నీటిని శుద్ధి చేసుకుని తాగుతారు. కాలువ గట్టున పుట్టిన మనవాళ్ళకు మొదట వింతగా తోచేది ఇదే. జనమంతా సముద్ర తీరాన ఉన్న రాజధాని, హవల్లీ, ఫర్వానియా, అహ్మదీ వంటి ప్రాంతాల్లోనే కిక్కిరిసి ఉంటారు.

ఇప్పుడు అసలు విషయం. ఈ 50 లక్షల్లో కువైట్ పౌరులు సుమారు పదిహేనున్నర లక్షలు మాత్రమే. ప్రతి పదిమందిలో ముగ్గురే ఆ దేశస్థులు, మిగిలిన ఏడుగురు బయటివారు. బయటివారిలో అందరికంటే ఎక్కువ ఎవరు? మన భారతీయులే, సుమారు పది లక్షలు. తరువాత ఈజిప్టువారు. ఆ తరువాత బంగ్లాదేశ్, ఫిలిప్పీన్స్, సిరియా, శ్రీలంక, నేపాల్, పాకిస్తాన్ దేశాలవారు.

ఈ స్థితి ఎలా వచ్చింది? చమురుకు ముందు కువైట్ చిన్న రేవు పట్టణం. ముత్యాల కోసం సముద్రంలో మునకలు వేసేవారు, పడవలు కట్టేవారు, ఖర్జూరాలు తీసుకుని బొంబాయికీ మలబారు తీరానికీ వర్తకానికి వచ్చేవారు. పడవకు కావలసిన టేకు మన దేశం నుంచే పోయేది. అక్కడ 1961 దాకా చెలామణీ అయింది మన రూపాయే. అందులోనూ 1959 నుంచి గల్ఫ్ దేశాల కోసం మన రిజర్వు బ్యాంకు ప్రత్యేకంగా నోట్లు అచ్చు వేసింది. ఒకప్పుడు వారు మన రూపాయి కోసం వచ్చారు, ఇప్పుడు మనం వారి దీనార్ కోసం పోతున్నాం.

1938లో బుర్గాన్‌లో చమురు పడింది. 1946లో మొదటి ఎగుమతి జరిగింది. బడులు, ఆసుపత్రులు, రోడ్లు, రేవులు ఒక్కసారిగా కట్టాలంటే చేతులు చాలలేదు. 1957లో జరిగిన మొదటి జనగణనలో జనాభా 2 లక్షల 6 వేలు. అప్పటికి సగానికి పైగా పౌరులే. 1965 నాటికి జనాభా 4 లక్షల 67 వేలకు చేరి, పౌరులు సగానికి దిగువకు పడిపోయారు. ఆ తరువాత ఇప్పటిదాకా విదేశీయులదే పైచేయి సంఖ్య.

మొదట్లో వచ్చినవారిలో ఎక్కువమంది అరబ్బులే. ముఖ్యంగా పాలస్తీనావారు. పంతుళ్ళు, ఇంజనీర్లు, గుమాస్తాలు వారే. 1990 నాటికి వారు సుమారు నాలుగు లక్షలు. ఆ సంవత్సరం ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించింది. మన ప్రభుత్వం జోర్డాన్‌లోని అమ్మాన్ మీదుగా లక్షకు పైగా భారతీయుల్ని విమానాల్లో తెచ్చిన సంగతి పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. పాలస్తీనా నాయకత్వం సద్దామ్ పక్షం వహించిందన్న కారణంతో యుద్ధం తరువాత ఆ నాలుగు లక్షల్లో కొన్ని పదుల వేలమందే మిగిలారు. అక్కడే పుట్టి, అక్కడే చదివినవారు కూడా వెళ్ళిపోవలసి వచ్చింది. వారూ అరబ్బులే, వారిలో అత్యధికులు ముస్లిములే. ఆ ఖాళీని ఎక్కువగా భర్తీ చేసింది మన దేశమూ, ఇతర ఆసియా దేశాలూ.

"మనం ముస్లిములం కదా, అక్కడే ఉండిపోవచ్చు కదా" అని కొందరు అమాయకంగా అడుగుతారు. 1959 నాటి పౌరసత్వ చట్టం ప్రకారం 1920కి ముందు నుంచి కువైట్‌లో నివసిస్తున్న కుటుంబాలవారే మూల పౌరులు. పౌరసత్వం తండ్రి నుంచి బిడ్డకు వస్తుంది. బయటివారికి ఇవ్వాలంటే ముస్లిం అయి ఉండాలని 1982లో షరతు పెట్టారు. అయితే ముస్లిం అయినంత మాత్రాన ఇచ్చేస్తారని దాని అర్థం కాదు. అరబీ మాట్లాడుతూ, తరతరాలుగా ఆ నేల మీదే ఉంటూ, ఏ దేశపు కాగితమూ లేని 'బిదూన్'లు లక్ష మంది వరకు ఉన్నారు. వారి సమస్యే ఇంకా తేలలేదు. పైగా 2024 నుంచి వేలాదిమంది పౌరసత్వాన్ని రద్దు చేశారు. వారిలో కువైటీ పురుషులను పెళ్ళాడి పౌరసత్వం పొందిన స్త్రీలు చాలామంది ఉన్నారు. ఇక మన మాట చెప్పేదేముంది?

మతం సంగతి. పౌరులు దాదాపు అందరూ ముస్లిములే, కొద్దిమంది క్రైస్తవులు ఉన్నారు. పౌరుల్లో ఎక్కువమంది సున్నీలు, షియాలు సుమారు మూడో వంతు. బయటివారిలో హిందువులు, క్రైస్తవులు లక్షల్లో ఉన్నారు. ఇక్కడ ఒక సందేహం తీర్చాలి. "అక్కడ చేతులు వదిలేసి నమాజు చేసేవారిని చూశాం, వారంతా షియాలేనా?" అని తిరిగి వచ్చినవారు అడుగుతుంటారు. కాదు. కువైటీ సున్నీలలో అనాదిగా ఉన్నది ఎక్కువగా మాలికీ మస్లక్. ఆ దేశపు 1984 నాటి కుటుంబ చట్టం కూడా ప్రధానంగా దాని మీదే ఆధారపడింది. మాలికీ గ్రంథాల్లో ప్రసిద్ధమైన మాట చేతులు వదలడమే. అలాగే అక్కడ అసర్ అజాన్ మన హనఫీ వేళ కంటే ముందే అవుతుంది. కంగారు పడనవసరం లేదు. అన్ని మస్లకుల వాదాలనూ ఒకచోట చేర్చిన 45 సంపుటాల ఫిఖహ్ విజ్ఞాన సర్వస్వాన్ని వెలువరించింది ఈ చిన్న దేశపు వక్ఫు మంత్రిత్వ శాఖే. దాని ఉర్దూ అనువాదం మన దేశంలోనే జరిగింది.

ఇక మనకు అన్నిటికన్నా ముఖ్యమైన అంకె. 2011లో మన పాత తూర్పు గోదావరిలో వెయ్యిమంది పురుషులకు 1,006 మంది స్త్రీలు. కువైట్‌లో నూరుమందిలో అరవైమంది పురుషులే. కారణం తెలిసిందే, పనికి పోయినవాడు ఒంటరిగా పోతాడు. 2024లో కుటుంబ వీసాకు నెలకు కనీసం 800 దీనార్ల జీతం ఉండాలన్నారు. ఇంటిపనివారికి చట్టం హామీ ఇచ్చే కనీస వేతనం 60 దీనార్లు. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. ఎవరు సంసారంతో ఉండగలరో, ఎవరు ఉండలేరో వేరే చెప్పనక్కరలేదు.

అయితే ఆ దేశంలో ఇంటిపనివారు సుమారు ఏడెనిమిది లక్షలు. అంటే ఇద్దరు పౌరులకు ఒక పనిమనిషి చొప్పున! వంటవారు, డ్రైవర్లు, ఆయాలు అందరూ ఇందులోకే వస్తారు. మనవాళ్ళు 'ఖద్దామా వీసా' అనేది దీన్నే. మన దేశం నుంచి ఈ పనికి వెళ్ళే స్త్రీలలో కడప, ఉభయ గోదావరి జిల్లాలవారే పేరుమోసినంత ఎక్కువ. 2015 నాటి 68వ నంబరు చట్టం ప్రకారం వీరిచేత రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు, వారానికి ఒక సెలవు ఇవ్వాలి, పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంచుకోకూడదు. కానీ చట్టం ఇంటి గోడ దాటి లోపలికి పోవడం ఏ దేశంలోనైనా కష్టమే.

ఇక్కడ మన ఇళ్ళవారికి ఒక మాట. భార్య అక్కడ నుంచి పంపిన డబ్బు షరీఅత్ ప్రకారం భార్యదే. నిసా సూరా 32వ ఆయతు ఇందుకు ఆధారం. ఆమె సంతోషంగా ఇస్తే తప్ప భర్తకు దాని మీద హక్కు లేదు. ఆమె సంపాదిస్తోంది కనుక పిల్లల పోషణ భారం తన మీద నుంచి దిగిపోయిందని భర్త అనుకుంటే అదీ పొరపాటే. కట్టిన ఇల్లు ఎవరి పేరున ఉంది? కొన్న స్థలం ఎవరి పేరున రిజిస్టరైంది? పదేళ్ళు ఒకరింట్లో చాకిరీ చేసి వచ్చిన స్త్రీకి తన పేరున సెంటు భూమి లేకపోవడం మన సమాజంలో మాట్లాడవలసిన సంగతి. మనం మాత్రం మాట్లాడం.

బయటివారి సంఖ్య తగ్గించాలన్న ఆలోచన అక్కడ ఎప్పుడూ ఉంది. 2020లో భారతీయులు జనాభాలో 15 శాతానికి మించరాదన్న ముసాయిదా బిల్లు వారి పార్లమెంటు సంఘం ముందుకు వచ్చింది. అలా జరిగితే ఎనిమిది లక్షలమంది తిరిగి రావలసి వస్తుందని అప్పట్లో పత్రికలు లెక్క వేశాయి. అది అమలుకు రాలేదు. మళ్ళీ 2024 మార్చి నుంచి జూన్ వరకు ఇఖామా లేనివారికి జరిమానా లేకుండా వెళ్ళిపోయే అవకాశం ఇచ్చారు. అదే జూన్ 12న మంగఫ్‌లో కార్మికులు ఉన్న భవనం అంటుకుని 45 మంది భారతీయులు చనిపోయారు. వారిలో మన గోదావరివారూ ఉన్నారు.

వెళ్ళదలచినవారు ముందుగా వీసా ఏ రకమో చూసుకోవాలి. 20వ నంబరు అంటే ఇంటిపని, 18వ నంబరు అంటే కంపెనీ పని. 'ఆజాద్ వీసా' అని ఏజెంటు చెప్పేది ఏ చట్టంలోనూ లేదు. ఇ-మైగ్రేట్‌లో నమోదైన ఏజెంటేనా అని చూడాలి. పదో తరగతి చదవని స్త్రీకి ముప్పై ఏళ్ళు నిండనిదే ఇంటిపనికి మన ప్రభుత్వం అనుమతి ఇవ్వదు. విజిటింగ్ వీసా మీద వేరే దేశం మీదుగా పంపిస్తానన్నవాడు ఈ నిబంధనను దాటవేస్తున్నాడన్నమాట. అలా పోయినవారికి రేపు కష్టం వస్తే రికార్డుల్లో పేరు కూడా ఉండదు. సరైన దారిన పోయేవారికి ప్రవాసీ భారతీయ బీమా ఉంది. రెండేళ్ళకు 275 రూపాయలు, మూడేళ్ళకు 375 రూపాయలు. ప్రమాదంలో మరణిస్తే పది లక్షలు వస్తాయి. ఆ పాలసీ కాగితం, వీసా నకలు, కఫీల్ పేరు, ఫోను నంబరు, అక్కడికి వెళ్ళాక బతాకా నకలు, ఇవన్నీ ఇంట్లో ఒక సంచిలో పెట్టి, చదువు వచ్చిన పిల్లవాడికి ఎక్కడున్నాయో చెప్పి ఉంచాలి.