కన్ను కొట్టలేదు సార్! – టిక్స్ వెనుక జన్యువులు



దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ హాస్టళ్లలో చదువుకున్న మాకు ఒక సంగతి ఇప్పటికీ గుర్తుంది. మా గదిలో ఒక తమ్ముడు టపటపా రెప్పలు కొట్టేవాడు, భుజం ఎగరేసేవాడు, ఊరికే గొంతు సవరించుకునేవాడు. స్టడీ అవర్‌లో ఒక సారు "నాకే కన్ను కొడతావురా?" అని స్కేలుతో కొట్టారు. "కన్ను కొట్టలేదు సార్" అని వాడు ఏడుస్తుంటే మేమంతా నవ్వాం. ఇంటి దగ్గర గాలి సోకిందని తాయెత్తు కట్టారు. ఆ ఏడే వాడు చదువు మానేశాడు. మా ఇంట్లో డిగ్రీ దాటింది మేమే మొదలు. పి.జి.లో జన్యుశాస్త్రం చదివాక గానీ అది కొంటెతనమూ కాదు, గాలీ కాదు అని మాకు తెలియలేదు.

వీటిని టిక్స్ అంటారు. కొంతసేపు బిగబట్టినా తుమ్ములాగా మళ్లీ తన్నుకొస్తాయి. చిన్నతనంలో మొదలైన ఇలాంటి కదలికలు, శబ్దాలు రెండూ ఏడాదికి మించి ఉంటే టూరెట్ సిండ్రోమ్ అంటారు. 1885లో తొమ్మిది మంది రోగుల గురించి రాసిన ఫ్రెంచి వైద్యుడి పేరు అది. చాలామందికి పెద్దయ్యేకొద్దీ ఇవి తగ్గుతాయి.

జన్యువులకు సంబంధం ఉందని ఎలా తెలిసింది? కవలల వల్ల. 1985లో అచ్చయిన పరిశీలనలో, ఒకే అండం నుంచి పుట్టిన కవల జంటల్లో ఇద్దరికీ టూరెట్ ఉన్నవి 53 శాతం; వేర్వేరు అండాల కవలల్లో 8 శాతమే. నూటికి నూరు లేదు కనుక జన్యువులొక్కటే కారణం కాదని కూడా తేలింది.

2010లో ఒక తండ్రికీ, ఆయన ఎనిమిది మంది పిల్లలకూ టూరెట్ ఉన్న కుటుంబంలో, హిస్టమిన్ తయారీకి కావలసిన జన్యువులో లోపం దొరికింది. అయితే ఇలాంటివి అరుదు. ఎక్కువమందిలో ఎన్నో జన్యువులు తలా కొంచెం పనిచేస్తాయి. మరో మానసిక వ్యాధి స్కిజోఫ్రీనియా చూడండి: 2022లో 76,755 మంది రోగులను పరిశీలిస్తే జన్యుపటంలో 287 చోట్ల దానితో సంబంధం కనిపించింది.

కానీ ఈ పరిశోధనల్లో ఎక్కువమంది యూరప్ సంతతివారే. మన సంగతి మన దగ్గరే తేలాలి. ఎల్.బి.నగర్ నుంచి నాగోలు, ఉప్పల్ మీదుగా వెళ్తే హబ్సిగూడలో సి.సి.ఎం.బి. వస్తుంది. అక్కడి తంగరాజ్ గారి బృందం విదేశీ శాస్త్రవేత్తలతో కలిసి 260కి పైగా దక్షిణాసియా సమూహాలను పరిశీలించి 2017లో ఫలితాలు ప్రకటించింది. కొద్దిమంది పూర్వీకుల నుంచి పెరిగి, తరతరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకున్నందున అరుదైన జన్యులోపాలు పేరుకునే అవకాశం 81 సమూహాల్లో బాగా ఎక్కువని తేల్చింది. బెంగుళూరు నిమ్‌హాన్స్‌లో, ఒకే ఇంట్లో పలువురికి మానసిక వ్యాధులున్న కుటుంబాలపై పరిశోధన సాగింది.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! మీ గదిలో అలాంటివారు ఉంటే "ఆపు" అనకండి, వెక్కిరించకండి. వార్డెన్ గారికి నచ్చజెప్పి డాక్టరుకు చూపించండి. 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే ఉచితంగా సలహా చెబుతారు. ఆనాడు మేము నవ్వినట్టు మీరు నవ్వకపోతే, ఒకరి చదువు నిలబడుతుంది.