చికాగోలో రైలెక్కి పడమటికి



జనవరిలో నువ్వూ కోడలూ న్యూయార్క్‌లో రైలెక్కి శాన్‌ఫ్రాన్సిస్కో దాకా వెళ్దామనుకుంటున్నారని విన్నాను. విమానం ఆరేడు గంటల్లో దింపే చోటికి మూడు రాత్రుల ప్రయాణం ఏమిటని ఇంట్లోవాళ్లు అంటున్నారట. వెళ్లమనే నా సలహా. అయితే దాన్ని ఊరు చేరే సాధనంగా లెక్కేసుకుంటే మాత్రం వెళ్లకండి. ఈ రైలు చలికాలంలో చూడాల్సినవి చూపిస్తుంది కానీ, చెప్పిన వేళకి చేరుస్తానని హామీ ఇవ్వదు.

ముందు ఒక సంగతి. అమెరికాలో తూర్పు తీరం నుంచి పడమటి తీరానికి నేరుగా వెళ్లే రైలు లేదు, మీ దారికి చికాగోలో మారాల్సిందే. న్యూయార్క్ నుంచి వచ్చే లేక్ షోర్ లిమిటెడ్ పొద్దున చికాగో చేరుతుంది, అక్కణ్ణుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వైపు వెళ్లే కాలిఫోర్నియా జెఫిర్ మధ్యాహ్నం 2 గంటలకు బయల్దేరుతుంది. కాగితం మీద తీరిక బాగానే ఉంది. కానీ మొదటి రైలు ఈరీ సరస్సు ఒడ్డునే వస్తుంది, బఫెలో వైపు జనవరిలో కురిసే మంచు సంగతి నీకు చెప్పనక్కర్లేదు. ఆ రాత్రికి చికాగోలోనే దిగిపోయి, మర్నాడు స్థిమితంగా రెండో రైలెక్కండి.

రైళ్లు ఆలస్యం కావడానికి మంచు ఒక్కటే కారణం కాదు. ఈ రైళ్లు నడిపే సంస్థ ఆమ్‌ట్రాక్ 1971లో మొదలైంది. అది నడిచే పట్టాల్లో చాలా భాగం గూడ్సు కంపెనీల సొంతం. ప్రయాణికుల రైలుకే ముందు దారివ్వాలని చట్టం ఉంది. కానీ సింగిల్ లైన్ మీద, లూప్ లైన్లో పట్టనంత పొడుగు గూడ్సు ఎదురొస్తే చట్టం మాత్రం ఏం చేస్తుంది? పక్కకు తప్పుకునేది మీ రైలే.

జెఫిర్ ప్రయాణం 2,438 మైళ్లు, అంటే సుమారు 3,900 కిలోమీటర్లు. ఏడు రాష్ట్రాలు, రెండు రాత్రులు. మన విజయవాడ మీదుగా పోయే వివేక్ ఎక్స్‌ప్రెస్ ఇంతకన్నా పొడుగు దారే, కాబట్టి దూరం చూసి జడవకండి. అసలు విశేషం వేళల్లో ఉంది. చలికాలంలో ఐదు కాకముందే చీకటి పడే దేశమది. అయినా పడమటికి వెళ్లే జెఫిర్ రాకీ పర్వతాలనూ, సియెర్రా నెవాడానూ రెండింటినీ పగటిపూటే దాటుతుంది. చప్పగా ఉండే నెబ్రాస్కా, నెవాడా ఎడారి నిద్రలో పోతాయి.

రెండో రోజు డెన్వర్ దాటాక కిటికీ వదలొద్దు. రైలు మలుపులు తిరుగుతూ కొండెక్కి మొఫాట్ సొరంగంలోకి దూరుతుంది. పొడవు 6.2 మైళ్లు, 1928లో తెరిచారు. అంతకుముందు రైళ్లు పదకొండు వేల అడుగుల పైన రోలిన్స్ కనుమ ఎక్కి దిగేవి, మంచులో కూరుకుపోయి రోజుల తరబడి కదిలేవి కావు. సొరంగం కోసం కలలుగన్న డెన్వర్ బ్యాంకరు డేవిడ్ మొఫాట్ ఆస్తి కరగబెట్టుకుని 1911లోనే పోయాడు, పేరొక్కటే మిగిలింది. లోపల ఉన్నంతసేపు పెట్టె నుంచి పెట్టెకి తిరగొద్దంటారు, తలుపులు తీస్తే ఇంజన్ పొగ లోపలికొస్తుందని. అవతల వింటర్ పార్క్. స్కీయింగ్ ఊరు, మంచుకి కొదవలేదు.

మూడో రోజు ట్రకీ దాటాక కుడివైపు కింద డోనర్ సరస్సు కనిపిస్తుంది. 1846 చలికాలంలో బండ్ల మీద వలస వచ్చిన కుటుంబాలు మంచులో చిక్కుకుని, ఆకలికి సగంమంది దాకా పోయింది ఆ ప్రాంతంలోనే. ఇరవయ్యేళ్లు దాటాక అదే కనుమ మీదుగా రైలు నడిచింది, ఆ కొండల్ని తొలిచింది ఎక్కువగా చైనా కూలీలు. వాళ్ల పేర్లు ఏ సొరంగానికీ పెట్టినట్టు లేదు. రైలొచ్చాక కూడా మంచు ఊరుకోలేదు: 1952 జనవరిలో సిటీ ఆఫ్ శాన్‌ఫ్రాన్సిస్కో అనే రైలు ఈ కొండల్లోనే రెండు వందల మందికి పైగా జనంతో మూడు రోజులు ఇరుక్కుంది. ఇప్పుడు మంచు తోసే యంత్రాలు గట్టివే. అయినా మందులు రెండు రోజులకి అదనంగా చేతిసంచిలో పెట్టుకోండి.

ఇక గది. ఇద్దరికీ రూమెట్ చాలు. అది మూడున్నర అడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల పొడవు. పగలు ఎదురెదురుగా రెండు సీట్లు, రాత్రి అవే కింది బెర్తు అవుతాయి, పైది దించుతారు. పై బెర్తులో లేచి కూర్చోలేరు, కిటికీ కూడా ఉండదు, కాబట్టి ఎవరు పైన పడుకునేదీ ఇంట్లోనే తేల్చుకోండి. ఇక్కడి మన గుంటూరు దంపతులొకరు భారీ సూట్‌కేసుతో ఎక్కి, దాన్ని లోపలికి తోస్తే తలుపు పడక, చివరికి ఆ రెండంతస్తుల పెట్టె కింది అంతస్తు రాక్‌లో పెట్టుకుని, పళ్లు తోముకునే బ్రష్షు కోసం కూడా మెట్లు దిగారట. పెద్ద పెట్టె ముందే లగేజీకి ఇచ్చేయండి.

గది తీసుకుంటే భోజనం టికెట్లోనే కలిసి ఉంటుంది. డైనింగ్ కారులో నలుగురి బల్ల, మీ పక్కన ముక్కూమొహం తెలియని మరో ఇద్దరు. మొహమాటపడకండి, ఊళ్ల సంగతులు వాళ్లే చెబుతారు. కోడలు శాకాహారి కనుక టికెట్ తీసుకున్నప్పుడే ఆ మాట చెప్పండి. పులిహోర కట్టుకెళ్తే గదిలో తినొచ్చు, వేడి చేసుకునే వీలు మాత్రం ఉండదు. అన్నట్టు, వీసా మీద ఉన్నవాళ్లు పాస్‌పోర్టు, ప్రవేశ పత్రం ఐ-94 దగ్గరుంచుకోవాలి. ఈరీ సరస్సు దారి కెనడా సరిహద్దుకి దగ్గర, తనిఖీ జరగొచ్చు.

జెఫిర్ శాన్‌ఫ్రాన్సిస్కో ఊళ్లోకి వెళ్లదు. ఎమరీవిల్‌లో దిగి, బస్సులో వంతెన దాటాలి. చేరే వేళ సాయంత్రం నాలుగని రాసి ఉంటుంది కదా అని తిరుగు విమానం ఆ రాత్రికే పెట్టుకోవద్దు, కనీసం మర్నాటి సాయంత్రానికి తీసుకోండి.

మీ బాబాయి