గజ్జికుక్క

కోపావేశంలో మనిషి తోటిమనిషిని నిందించడానికి వాడే మాటలలో 'గజ్జికుక్క' ఒకటి. ఒక మూగజీవి పడే బాధను తిట్టుగా వాడుతున్నామన్న సంగతి ఆ క్షణంలో ఎవరికీ తోచదు.

నన్నయ ఆదిపర్వంలో సరమ వృత్తాంతం ఉంది. యాగస్థలంలో ఆడుకొంటున్న కుక్కపిల్లను జనమేజయుని తమ్ములు కొట్టారు. తల్లి సరమ రాజు ఎదుటికి వచ్చి, ఏ తప్పూ చేయని తన బిడ్డను ఎందుకు కొట్టారని నిలదీసింది. నేడు ఒళ్లంతా పుండ్లతో మన గుమ్మం ముందుకు వచ్చే కుక్కను రాయి విసిరి తరుముతున్నాం. సరమ ప్రశ్న మనకూ వర్తిస్తుంది.

గజ్జికి కారణం అర మిల్లీమీటరు కన్న చిన్నదైన ఒక ఎనిమిది కాళ్ల పురుగు. ఆడపురుగు చర్మంలో సొరంగం తొలిచి గుడ్లు పెడుతుంది. అవి సుమారు మూడు వారాలలో పెరిగి పెద్దవవుతాయి. చెవుల అంచులు, మోచేతులు, పొట్ట మొదట ఎర్రబడి దురద పుడుతుంది. గోకుడువల్ల పుండ్లు పడతాయి. వాటిలో సూక్ష్మజీవులు చేరి చీము పడుతుంది. మనుషులకు వచ్చే గజ్జికి ఇటువంటి పురుగే మూలమని 1687లో ఇటలీకి చెందిన బొనోమో, చెస్తోని నిరూపించారు.

దురదలన్నీ గజ్జి కావు. పిడుదులు, వెంట్రుకల మధ్య గెంతే చిన్న పురుగులు, తామర, తిండి పడకపోవడం కూడా కారణాలు కావచ్చు. రోమకూపాలలో నివసించే మరొక జాతి పురుగు పాలు తాగే రోజులలో తల్లినుండి పిల్లకు చేరుతుంది. అది గజ్జివలె ఇతర కుక్కలకు సులభంగా అంటుకోదు. అందుచేత పశువైద్యుడు చర్మాన్ని గీకి, ఆ పొడిని సూక్ష్మదర్శినిలో పరిశీలించి రోగాన్ని నిర్ణయిస్తాడు.

మన ప్రాంతాలలో కొందరు జాలితోనే వాడి పారవేసిన ఇంజనాయిలును కుక్క ఒంటిపై పోస్తారు. అది ఘోరమైన పొరపాటు. ఆ నూనెలోని విషపదార్థాలు చర్మాన్ని కాలుస్తాయి. కుక్క ఒళ్లు నాకినప్పుడు కడుపులోకి చేరుతాయి. కిరోసిన్ కూడా అంతే ప్రమాదకరం.

తగిన మందులు నేడు లభిస్తున్నాయి. వాటిలో ఐవర్‌మెక్టిన్ ఒకటి. దానికి మూలమైన పదార్థాలను కనుగొన్నందుకు సతోషి ఒమురా, విలియం క్యాంప్‌బెల్ 2015లో నోబెల్ బహుమతి అందుకొన్నారు. అయితే కోలీ వంటి కొన్ని జాతుల కుక్కలకు అది ప్రాణాంతకం కావచ్చు. కనుక బరువును, జాతిని చూసి వైద్యుడే మోతాదు నిర్ణయించాలి. దురద తగ్గగానే మందు మానరాదు. ఇంటిలోని కుక్కలన్నిటికీ ఒకేసారి చికిత్స చేయించాలి. వాటి పక్కగుడ్డలను వేడినీటిలో ఉతకాలి. కుక్కలోని పురుగు మనిషికి సోకితే కొద్దిరోజులు దురద కలుగుతుంది. మన చర్మంపై అది తన సంతతిని వృద్ధి చేసుకోలేదు. కుక్కకు చికిత్స జరిగితే ఆ బాధ కూడా సాధారణంగా తొలగుతుంది.

ప్రాణులపట్ల కరుణ చూపడం పౌరుని ప్రాథమిక విధి అని మన రాజ్యాంగంలోని 51ఎ అధికరణం చెబుతున్నది. వీధికుక్కకు యజమాని లేడు, అడిగేవారూ లేరు. దానిని వైద్యుని వద్దకు చేర్చే బాధ్యత ఆ వీధివారిదే. వైద్యం అందితే కొన్ని వారాలలో పుండ్లు మాని, కొత్త వెంట్రుకలు మొలుస్తాయి. నిన్న తరిమినవారే రేపు దానిని పేరుపెట్టి పిలుస్తారు.

ప్రశ్నలు
1. సరమ వృత్తాంతాన్ని రచయిత ఏ సందర్భంలో ప్రస్తావించాడు?
2. గజ్జి సోకిన కుక్క విషయంలో చేయదగినవి, చేయరానివి వివరించండి.