కర్వ్‌బాల్ చెప్పే త్వరణం పాఠం

క్రికెట్‌లో బంతి నేలను తాకి తిరగడం మనం చూస్తూనే ఉంటాం. అమెరికన్ల బేస్‌బాల్‌లో బంతి నేలను తాకకుండా గాలిలోనే వంగుతుంది. దానినే కర్వ్‌బాల్ అంటారు. ఇది కంటి భ్రమ మాత్రమేనని వాదించినవారూ ఉన్నారు. 1959లో లైమన్ బ్రిగ్స్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ప్రయోగాలు చేసి, బంతి 17.5 అంగుళాల వరకు పక్కకు జరగగలదని చూపారు.

కారణమేమిటి? పిచ్చర్ బంతిని ముందుకు దొర్లుతున్నట్లు తిప్పి వదులుతాడు. అలా తిరిగే బంతి తన వెనుక గాలిని పైకి మళ్లిస్తుంది. ప్రతిచర్యగా బంతి కిందికి వంగుతుంది. ఇదే మాగ్నస్ ప్రభావం. తిప్పే తీరును బట్టి పక్కకూ వంగుతుంది.

మరి కొట్టడం ఎందుకు కష్టం? బలం ఒకే తీరుగా ఉంటే జరిగే దూరం కాలవర్గానికి అనుపాతంలో పెరుగుతుందని మనం చదువుకున్నాం. అంటే సగం సమయానికి వంపులో సుమారు నాలుగో వంతే కనిపిస్తుంది. మిగిలిన మూడు వంతులూ రెండో సగంలోనే. బంతి చేరడానికి పట్టేది దాదాపు అర సెకను. బ్యాట్ ఊపాలా వద్దా అన్నది సగం దారిలోనే తేల్చుకోవాలి. పైగా ఈ బంతి వేగం తక్కువ. వేగపు బంతి అనుకున్నవాడి బ్యాట్ ముందే తిరిగిపోతుంది.

త్వరణం పాఠంలో పిల్లలకు ఈ ఉదాహరణ చెబుదాం. బట్టీ పట్టిన సూత్రం మరచిపోవచ్చు, అర్థమైన సూత్రం నిలిచిపోతుంది.