ప్రయాణికుల బండికి తగిన ఇంజను

హైదరాబాదు నగరమున బోరబండ యను చిన్న స్టేషను కలదు. సికింద్రాబాదును వాడితో కలుపుచు 1874లో వేసిన మార్గముమీదనే అది యున్నది. 2003 ఆగస్టు మొదలు ఈ దారిని ఎమ్.ఎమ్.టి.ఎస్. బండ్లు నడచుచున్నవి. ప్లాట్‌ఫారముపై నిలిచి చూడుడు. ఆ బండికి ముందు ఇంజనే యుండదు! కొంతసేపటికి ముంబయి వైపు పోవు ఎక్స్‌ప్రెస్ ఆగక సాగిపోవును. దానిని పెద్ద విద్యుత్ ఇంజనొకటి లాగుచుండును. పట్టాలవే, పైనున్న తీగయు అదే. మరి ఈ భేదమేల?

ఇనుప చక్రము ఇనుప పట్టాపై జారు స్వభావము కలది. మోటారు ఎంత బలమైనదైనను, చక్రముపై బరువు చాలనిచో పట్టు తప్పి ఊరక తిరుగును. వానలో ఇది మరింత యెక్కువ. అందుచేతనే ఇంజనులలో ఇసుక నింపియుంచి, వలసినపుడు పట్టాపై రాల్తురు. ఎమ్.ఎమ్.టి.ఎస్. బండి భరత్‌నగర్‌లో ఆగి, బోరబండలో ఆగి, మరల హైటెక్ సిటీలో ఆగవలెను. కనుక కొన్ని పెట్టెల క్రిందనే మోటార్లు అమర్చిరి. ఆ పెట్టెల బరువును, అందలి ప్రయాణికుల బరువును పట్టునకు తోడగును. బండి త్వరగా కదలును.

దూరపు బండికి వలసినది వేరు. ఒకసారి అందుకొన్న వేగమును గంటల తరబడి నిలుపుకొనవలెను. 1947లో వచ్చిన డబ్ల్యూ.పి. ఆవిరి ఇంజను ఇట్టి పనికే పుట్టినది. దాని పండ్రెండు చక్రములలో ఆవిరి త్రిప్పునవి ఆరే. ఒక్కొక్కటి మనిషి యెత్తు, అనగా 170 సెంటీమీటర్లు. చక్రము పెద్దదైన కొలది ఒక్క చుట్టులో బండి ఎక్కువ దూరము పోవును. సరకుల బండికై చేసిన డబ్ల్యూ.జి.కి బాయిలరు అదే రకము, చక్రములు మాత్రము చిన్నవి.

నేడు చక్రమునకు బదులు పండ్ల చక్రములను మార్చుచున్నారు. సరకుల ఇంజనైన డబ్ల్యూ.ఏ.జి.-9లో చక్రమొకసారి తిరుగుటకు మోటారు అయిదు సారులకు పైగా తిరుగును. దానినే మార్చి డబ్ల్యూ.ఏ.పి.-7ను చేసిరి, ఇందు 3.6 సారులు చాలును. లాగు బలము కొంత తగ్గి, వేగము గంటకు 140 కిలోమీటర్లకు పెరిగినది. దీని బరువు 123 టన్నులు; పండ్రెండు చక్రములును మోటార్లతో తిరుగునవే. సికింద్రాబాదు చెంత లాలాగూడ షెడ్డులో ఇట్టివి చాల కలవు.

ఈ ఇంజనులో నాకు మిక్కిలి నచ్చినది వేగము కాదు. దీపములకు, చల్లని గాలికి వలయు విద్యుత్తును ఇదే తీగనుండి గ్రహించి పెట్టెలకు పంపగలదు. ఇట్లు నడచునపుడు బండి కొనలనుండు జనరేటర్ల హోరు, డీజిలు పొగ ప్రయాణికులకు తప్పును.

అయినను దీనికి ఎమ్.ఎమ్.టి.ఎస్. పని అప్పగింపరాదు. లింగంపల్లి చేరగానే ఇంజనును విడదీసి, వేరొక పట్టాపై త్రిప్పి, రెండవ కొనకు తగిలింపవలసి వచ్చును. ఎమ్.ఎమ్.టి.ఎస్. బండికి రెండు కొనలయందును డ్రైవరు గదులు కలవు. ఈ గది విడిచి ఆ గదిలో కూర్చున్న చాలును, బండి వెనుకకు బయలుదేరును.