ఆగిన గడియారము: అరిష్టమా, అశ్రద్ధయా?

ఇంటిలో ఆగిన గడియారము ఉండరాదనియు, ఉన్నచో ఆ యింటివారి భాగ్యము దానితోపాటు నిలిచిపోవుననియు ఒక నమ్మకము మన జనులలో మిక్కిలిగా వ్యాపించియున్నది. ఇటీవలి వాస్తు పుస్తకములు దీనికి మరింత బలము చేకూర్చినవి. చదువురానివారే కాక, పట్టపరీక్షలలో తేరినవారును దీనిని పాటించుచున్నారు. దీని ఫలమేమి? తాతల కాలమునుండి గోడ నానుకొని నిలిచిన నిలువు గడియారమును, గూటిలో మెరసిన ఇత్తడి గడియారమును పాతసామానుల వర్తకుని తూకమునకు పోవుచున్నవి. చక్రములు కరగిపోవును, పెట్టె వంటచెరకగును.

కొడిమ్యాలలో వ్యవసాయపు బావిమీది మోటారు ఆగినచో రైతు ముందుగా ఫ్యూజును చూచును. సిరిసిల్లలో మరమగ్గ మాగినచో నేతపనివాడు తెగిన పోగును వెదకును. ఆ మోటారును గాని, ఆ మగ్గమును గాని అశుభమని వీధిలో పారవేసినవారిని మేము చూడలేదు. గడియారమును అట్టి యంత్రమే. అట్లుండగా దానియెడలనే ఈ భయమేల కలుగవలెను? గడియార మేల నడచును, ఏల ఆగును అను రెండు విషయములను ఈ వ్యాసమున విచారింపబూనితిమి. కారణము తెలిసినచోట అరిష్టమను మాటకు తావుండదని మా నిశ్చయము.

1. గడియనుండి గడియారము

గడియారమను మాట గడియనుండి వచ్చినది. పగలు రాత్రి కలిసి 60 గడియలు. ఒక గడియకు 24 నిమిషములు. అడుగున సన్నని రంధ్రముగల రాగిగిన్నెను నీటితొట్టిలో విడువగా, నీరు మెల్లమెల్లగా లోనికెక్కి ఒక గడియకు అది మునుగును. కనిపెట్టియున్నవాడు దానిని వెలికిదీసి, గంట కొట్టి, మరల నీట విడుచును. రంధ్రమున నలుసు పడినచో గిన్నె ఆలస్యముగా మునుగును. అప్పుడు చేయదగినది నలుసును తీయుటయే.

చక్రముల గడియారము ఈ గిన్నెకు తోబుట్టువు. నీటిబరువునకు బదులు గుండో, కమానో చక్రములను త్రిప్పును. సన్నని రంధ్రమునకు బదులు లోలకమో, అటునిటు తిరుగు చిన్నచక్రమో ఆ వేగమును అడ్డగించి, పండ్లను ఒక్కొక్కటిగా మాత్రమే విడుచును. అట్లు విడిచిన ప్రతి పన్నునకు ఒక టిక్కు. త్రిప్పు బలము, అడ్డగించు కొలత: ఈ రెండును సరిగానున్నంతవరకు గడియారము నడచును. రెండింటిలో ఏది చెడినను ఆగును.

2. నాలుగు జాతులు

పాత గడియారములలో మన యిండ్ల కెక్కినవి ముఖ్యముగా నాలుగు జాతులు.

మొదటిది నిలువు గడియారము. 1656లో హాలండు దేశపు పండితుడు క్రిస్టియాన్ హైగెన్స్ లోలకపు గడియారమును కల్పించెను. 1670 ప్రాంతమున ఇంగ్లండులో లంగరు ఆకారముగల కొక్కెము వాడుకలోనికి వచ్చెను. దానిచేత లోలకము మిక్కిలి కొద్దిగా ఊగినను పని జరుగసాగెను. కావున పొడుగైన లోలకమును ఇరుకైన కొయ్యపెట్టెలో వ్రేలాడదీయ వీలాయెను. సుమారు 994 మిల్లీమీటర్ల పొడవుగల లోలకము ఒక్క ఊపునకు ఒక సెకండు తీసికొనును. ఆరేడడుగుల పెట్టె ఈ లోలకము కొరకును, క్రిందికి దిగు గుండ్ల కొరకును ఏర్పడినదే గాని ఠీవి కొరకు కాదు.

రెండవది బ్రాకెట్ గడియారము. ఇది గుండ్లతో గాక కమానుతో నడచును. పైన పట్టుకొనుటకు పిడి యుండును. ధనికుల యిండ్లలో ఒక గదినుండి మరియొక గదికి దీనిని మోసికొనిపోవుచుండిరి. కమాను నిండుగా చుట్టినప్పుడు బలముగను, విప్పుకొన్న కొలది బలహీనముగను లాగును. ఆ హెచ్చుతగ్గులను సరిచేయుటకు ఆంగ్లేయ పనివారు ఫ్యూజీ అను శంకువును అమర్చిరి. దానిపై చుట్టిన గొలుసు, కమాను బలముగానున్నప్పుడు సన్నని కొనను, బలము తగ్గినప్పుడు వెడల్పైన మొదలును లాగును. అందుచేత చక్రములకు చేరు బలము సమముగా నుండును.

మూడవది మాంటెల్ గడియారము. చలిదేశములలో పొయ్యిగూటిపైనుండు పలకమీద నిలుపునట్టిది. ఫ్రెంచివారు కంచుబొమ్మలతోను, బంగారు పూతతోను, చలువరాతితోను వీనిని చేసిరి; అమెరికా పనివారు కొయ్యతో చౌకగా చేసి లోకమంతటికి పంపిరి. పొయ్యిగూడు అక్కరలేని మన దేశమున ఇవి బీరువాలపైకిని బల్లలపైకిని చేరినవి.

నాలుగవది ప్రయాణపు గడియారము. ఇత్తడి చట్రము, నాలుగు వైపుల అద్దములు, పైన పిడి దీని గురుతులు. దీనిలో లోలకము లేదు. సన్నని వెండ్రుకవంటి కమానుతో అటునిటు తిరుగు చక్రమున్నది. కావున బండి కుదుపులకు ఆగదు. పారిస్ నగరమున అబ్రహాం లూయి బ్రెగే చేసిన ఇట్టి గడియారమును 1798లో ఈజిప్టు దండయాత్రకు ముందు నెపోలియన్ కొనెను.

పలుజాతుల పాత గడియారములను ఒక్కచోట చూడగోరువారు హైదరాబాదులోని సాలార్‌జంగు మ్యూజియమునకు పోవలెను. మీర్ యూసుఫ్ అలీ ఖాన్, అనగా మూడవ సాలార్‌జంగు (1889–1949) సేకరించిన వస్తువులతో అది 1951 డిసెంబరు 16న తెరువబడెను. అందలి సంగీత గడియారము ముఖముపై కుక్ అండ్ కెల్వీ అను పేరున్నది. గంట గంటకు ఒక చిన్న బొమ్మ వెలికివచ్చి గంట కొట్టును. దానిని చూచుటకు జనులు గుంపుగా కూర్చుందురు. మూడువందల యేబదికి మించిన భాగములు ఒకదాని నొకటి తోయుటచేతనే ఆ బొమ్మ కదలుచున్నది. అన్నిటికంటె వింతగా తోచు గడియారమందైనను యంత్రధర్మము తప్ప మరేమియు లేదు.

3. మన నేలపై లోలకము

1672లో జాన్ రిషే అను ఫ్రెంచి పండితుడు పారిసునుండి దక్షిణ అమెరికాలోని కయెన్ పట్టణమునకు పోయెను. పారిసులో సరిగా నడచిన లోలకపు గడియారము అచట దినమునకు సుమారు రెండున్నర నిమిషములు వెనుకబడసాగెను. యంత్రము చెడలేదు; దేశము మారినది. భూమి నడుమ కొంచెము ఉబ్బియుండుటచేతను, తన చుట్టు తాను తిరుగుటచేతను భూమధ్యరేఖను సమీపించిన కొలది గురుత్వాకర్షణము కొంచెము తగ్గును; లోలకము మెల్లగా ఊగును.

ఈ లెక్క మనకును వర్తించును. లండను 51½ డిగ్రీల ఉత్తర అక్షాంశమున నున్నది. కొడిమ్యాల, జగిత్యాల ప్రాంతము 18, 19 డిగ్రీల నడుమ నున్నది. లండనులో సరిచేసిన నిలువు గడియారమును మన యింట నిలిపినచో దినమునకు ఇంచుమించు రెండు నిమిషములు వెనుకబడును. లోలకపు బిళ్ల క్రిందనున్న మరను త్రిప్పి, సుమారు 3 మిల్లీమీటర్లు పైకి జరిపినచో ఆ దోషము తీరును. వేసవి వచ్చినప్పుడు మరియొక మార్పు కలుగును: ఉక్కుకడ్డీ వేడికి సాగుటచే, 25 డిగ్రీల సెంటిగ్రేడు వేడి హెచ్చినచో దినమునకు సుమారు 12 సెకండ్లు వెనుకబడును. లోలకము లేని ప్రయాణపు గడియారమునకు మొదటి బాధ లేదు.

4. ఆగుటకు కారణములు

నిలువు గడియార మాగినప్పుడు మొదట చెవియొగ్గి వినవలెను. టిక్కు టక్కుల నడుమ వ్యవధి సమముగా నున్నదా? కుంటివాని నడకవలె ఒకటి పొడుగు ఒకటి పొట్టిగా నున్నచో గడియారము ఒరగినదని యర్థము. ఇల్లు అలికినప్పుడో, సున్నము వేసినప్పుడో జరిపిన గడియారములు పెక్కులు ఇందుచేతనే ఆగును. వానకాలమున పెట్టె కొయ్య ఉబ్బుటయు, క్రింది పీటకు చెదలు పట్టుటయు ఇట్టి ఒరుగుడునకే దారితీయును. పెట్టెను నిలువుగా నిలిపి, వెనుక గోడకు బిగించినచో చాలును.

రెండవ కారణము నూనె. వంటయింటి నూనెను గడియారమునకు పోయు అలవాటు మనలో కలదు. ఆముదము కొన్నాళ్లకు జిగురగును. కొబ్బరినూనె ఇంచుమించు 24 డిగ్రీలకు లోబడినచో గడ్డకట్టును. మన చలికాలపు తెల్లవారుజామున వేడి అంతకంటె చాల తక్కువ. రాత్రి నడచిన గడియారము తెల్లవారునప్పటి కాగి, ఎండ యెక్కిన పిదప కదలినచో, ఇంటివారు దయ్యమును తలచుకొందురు గాని కొబ్బరినూనెను తలచుకొనరు!

మూడవది వేళగాని గంటలు. ముండ్లు నాలుగు చూపగా అయిదు కొట్టుట చూచి కీడు శంకించువారు కలరు. పాత గడియారములు పెక్కింటిలో గంటల లెక్కను గాడులుగల ఒక చక్రము చూచును. ఆ చక్రమునకు ముండ్లతో సంబంధము లేదు. ఒకటి తరువాత రెండు, రెండు తరువాత మూడు అని వరుసగా కొట్టుకొనిపోవుటయే దాని పని. గంట కొట్టి ముగియకముందే ముల్లును గబగబ త్రిప్పినచో వరుస తప్పును. గంటకడ్డీని ఎత్తి, ముల్లు చూపు లెక్క వచ్చువరకు కొట్టించినచో మరల సరిపడును.

ఇక అన్నిటికంటె బలమైన నమ్మకమును విచారింతము. ఇంటి పెద్ద మరణించిన దినములలోనే గడియార మాగెనని చెప్పువారు పలువురు. వారు అబద్ధమాడుచున్నారని మే మనము. నిలువు గడియారములలో పెక్కులు ఎనిమిది దినముల కొకసారి చావి ఇయ్యవలసినవి. ఆ చావి ఇచ్చు పని ఇంటి పెద్దదే; చావి ఆయన పెట్టెలోనే యుండును. ఆయన మంచము పట్టెను. ఇల్లంతయు రోగిచుట్టు చేరెను. చావి ఇచ్చువాడు లేడు. ఎనిమిది దినములు గడచునప్పటికి గుండు అడుగంటెను, గడియార మాగెను. ఆ వారముననే పెద్ద కన్నుమూసినచో, దుఃఖములోనున్న మనస్సు ఆ రెండింటిని ముడివేయుట సహజము. గడియార మాగుటచే పెద్ద పోలేదు. పెద్ద లేవలేకపోవుటచే గడియార మాగెను. కార్యమును కారణముగా తలచుటయే ఈ నమ్మకమునకు మూలము.

ఈ భ్రమ మనకే చెందినది కాదు. 1876లో అమెరికాలో హెన్రీ క్లే వర్క్ అను నతడు, తాతగారి మరణముతో ఆగిపోయిన ఒక గడియారమును గూర్చి పాట వ్రాసెను. ఆంగ్లమున నిలువు గడియారమునకు తాతగారి గడియార మను పేరు ఆ పాటవలననే వ్యాపించెను.

5. చేయదగినవి, చేయరానివి

నిలువు గడియారమును జరుపునప్పుడు ముందుగా లోలకమును, గుండ్లను తీసి, కుడి యెడమల గురుతు వ్రాసి యుంచవలెను. ముండ్లను వెనుకకు త్రిప్పరాదు. చావిని వారమున కొక నియత దినమున ఇయ్యవలెను. నూనె గడియారపు నూనెయే యుండవలెను. అదియు ఇరుసుల కొనలకు చుక్కచొప్పున గాని చక్రపు పండ్లకు పూయరాదు. కమాను పెట్టెను ఇంటిలో విప్పరాదు. చుట్టుకొన్న ఉక్కు ఒక్కసారిగా విడివడినచో వ్రేళ్లు తెగును. ఆ పని తెలిసినవాని కొప్పగింపవలెను.

ఇత్తడి బిందెలవలె గడియారమును చింతపండుతో తోముట గొప్ప అపకారము. బంగారు పూతయు, ముఖఫలకముపై వెండి పూతయు మిక్కిలి పలుచనివి. ఒక్క పండుగనాటి తోముడుతో పోవును. మరల రావు.

అమ్మదలచినవారు గాని కొనదలచినవారు గాని ముఖముపైనున్న పేరును చూచి మోసపోరాదు. కలకత్తా, మద్రాసు నగరముల వర్తకులు సీమనుండి యంత్రములను తెప్పించి తమ పేరులు వ్రాయించుకొనుచుండిరి. ఆ పేరు అమ్మినవానిదే కాని చేసినవానిది కాకపోవచ్చును. ఒక పెట్టెలో మరియొక యంత్రమును దూర్చినవియు కలవు. పెట్టెలోపల అవసరము లేని పాత రంధ్రములు, ముఖమునకును తలుపునకును కుదరని కొలతలు దీనిని తెలుపును.

నేడు కొలది వెలకు దొరకు బ్యాటరీ గడియారమును, చేతిలోని ఫోనును ఈ పాతవానికంటె నిక్కముగా కాలము చెప్పునని మే మొప్పుకొందుము. కాలము తెలిసికొనుటకే పాత గడియారము కావలెనని మేము వాదింపము. కాని అది మన పెద్దలు వాడిన వస్తువు. మూడు శతాబ్దముల బుద్ధికౌశలము దానిలో కంటికి కనబడునట్లున్నది. మూత తెరచి, ఏ చక్రము దేనిని త్రోయుచున్నదో ఇంటి బాలురకును బాలికలకును చూపినచో, ప్రతి కార్యమునకును కారణము కలదను పాఠము వారి మనస్సున నాటుకొనును.

చదువరులారా! మీ యింట ఆగిన గడియార మున్నచో దానిని వీధిలో పెట్టకముందు మూడు దినములు ఓపిక పట్టుడు. నిలువుగా నున్నదా చూడుడు, చావి ఉన్నదా వెదకుడు, పనివానికి చూపుడు. నడచినచో మంచిది. నడవనిచో దుమ్ము తుడిచి, ఉన్నచోటనే యుండనిండు. దానివలన ఎవరికిని కీడు రాదు. ఎవరైన అడిగినచో, ఇది మా తాతగారు చావి ఇచ్చిన గడియారమని నిస్సంకోచముగా చెప్పుడు.