తెలుగు టైటన్స్ ఆట - మన హాస్టల్ జట్టుకు పాఠం

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ హాస్టళ్ళలో సాయంత్రం ఆట అంటే ముందు గుర్తొచ్చేది కబడ్డీయే. బంతి అక్కరలేదు, బ్యాటు అక్కరలేదు, సున్నంతో గీతలు గీస్తే చాలు. ఆ ఆటలో మన జట్లు బాగుపడవలసిన సంగతులు కొన్ని ఈ సంచికలో రాస్తున్నాము. 2014లో ప్రొ కబడ్డీ లీగ్‌తోపాటు పుట్టిన తెలుగు టైటన్స్‌ను ఉదాహరణగా తీసుకున్నాము. మన పేరు పెట్టుకున్న జట్టు కాబట్టి గెలిస్తే సంతోషిస్తాము, ఓడితే తిట్టుకుంటాము. ఎందుకు ఓడిందో మాత్రం ఆలోచించము.

2021-22, 2022, 2023-24 సీజన్లలో టైటన్స్ సీజన్‌కు 22 చొప్పున 66 మ్యాచ్‌లు ఆడి గెలిచినవి ఐదే. మూడుసార్లూ పట్టికలో అట్టడుగునే నిలిచింది. 2023లో పవన్ సెహ్రావత్‌ను వేలంలో 2 కోట్ల 60 లక్షలకు పైగా పెట్టి కొన్నారు. ఆయన 200కు పైగా రైడ్ పాయింట్లు తెచ్చాడు. అయినా జట్టు గెలిచింది రెండు మ్యాచ్‌లే!

కారణం ఆట నియమంలోనే ఉంది. మన జట్టు ఎదుటివాళ్ళలో ఒకరిని ఔట్ చేస్తేనే బయట కూర్చున్న మనవాడు ఒకడు లోపలికి వస్తాడు. అదీ ముందు ఔటైనవాడు ముందు రావాలి. బోనస్ గీత దాటి తెచ్చిన పాయింటుకు ఎవరూ లేవరు. పెద్ద రైడర్ పట్టుబడ్డాడనుకోండి, అతన్ని లేపడానికి మిగిలినవాళ్ళు పాయింటు తేవాలి. వాళ్ళకు కూత రాకపోతే అతను బయటే ఉంటాడు, లోపల ఒక్కొక్కరే తగ్గిపోతారు, చివరికి ఆలౌట్, ఎదుటివాళ్ళకు ఇంకో రెండు పాయింట్లు. మన హాస్టల్ జట్లలోనూ ఇదే కథ. పదో తరగతి అన్న ఒక్కడే కూతకు పోతాడు, తక్కినవాళ్ళు చేతులు పట్టుకొని నిలబడతారు. అన్న పాసై వెళ్ళిపోయిన మరుసటి ఏడు జట్టే ఉండదు.

2024లో టైటన్స్ ఈ లోపాన్ని కొంత దిద్దుకొంది. పవన్ గాయపడినప్పుడు విజయ్ మాలిక్ బాధ్యత తీసుకున్నాడు. ఆ సీజన్‌లో 12 మ్యాచ్‌లు గెలిచి ఏడో స్థానంలో నిలిచింది. 2025లో పవన్ వేరే జట్టుకు వెళ్ళిపోయినా, విజయ్ మాలిక్ నాయకత్వంలో 2016 తరువాత మొదటిసారి ప్లేఆఫ్స్ చేరింది. అక్కడ రెండో క్వాలిఫయర్‌లో పుణేరీ పల్టన్ చేతిలో 50-45తో ఓడింది. 45 పాయింట్లు తెచ్చి కూడా ఓడారంటే లోపం పట్టులోనే ఉంది కదా!

పట్టులో కుర్రాళ్ళ జబ్బు తొందర. రైడర్ కాలు ముందుకు పెట్టగానే కార్నర్‌లో ఉన్నవాడు మీద పడతాడు, పక్కవాడు అందుకొనేలోపు రైడర్ గీత తాకేస్తాడు. వరుసగా రెండు కూతలు ఖాళీగా పోతే మూడోసారి పాయింటు తేకపోతే రైడరే ఔట్ అని ప్రొ కబడ్డీలో నియమం. అంటే ఓపికగా నిలబడినా పాయింటు వస్తుంది. ముగ్గురో అంతకంటే తక్కువమందో మిగిలినప్పుడు పట్టితే రెండు పాయింట్లు. భయపడవలసిన చోట కూడా లాభం ఉందన్నమాట.

ఇంకొక మాట. తెలుగు పేరున్న ఈ జట్టులో హర్యానా, మహారాష్ట్ర కుర్రాళ్ళే ఎక్కువ కనిపిస్తారు. మన పిల్లలకు బలం లేక కాదని మా అభిప్రాయం. వాళ్ళు ఆడేది మ్యాట్ మీద, బూట్లు వేసుకొని. మనం ఆడేది మట్టి మీద, ఉత్త కాళ్ళతో. మట్టిలో నేర్చిన అడుగు మ్యాట్ మీద వెంటనే కుదరదు. మ్యాట్ మన చేతిలో లేదు. కూత మాత్రం మన చేతిలోనే ఉంది. అందుకని తమ్ముళ్ళూ, వారంలో రెండు సాయంత్రాలు మీలో బాగా ఆడేవాణ్ణి గీత అవతల కూర్చోబెట్టండి. ఎనిమిది, తొమ్మిది తరగతులవాళ్ళు వంతులవారీగా, గడియారం పెట్టుకొని, 30 సెకన్ల కూతకు వెళ్ళాలి. కూర్చున్న అన్న ఎవరి కాలు ఎక్కడ తప్పిందో నోటుబుక్కులో రాయాలి.